చెడ్డ కబురుకే చాయ్

ఈ రోజు ఉదయం రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ మీద దిగుతుంటే, నా ముందు మెట్టు మీదున్న అమ్మాయి సంచిలోంచి ఒక కమలాపండు తీసి గోటితో తొక్క గిల్లింది. ఆ వాసన నా ముక్కు దగ్గర ఆగకుండా నేరుగా పొట్టలోకి దిగి, అక్కడ సామానంతా తిరగేసింది. కమలాపండు వాసనకి ఎవరికైనా చలికాలపు ఎండో, జ్వరపు మంచమో గుర్తుకొస్తాయి. నాకు మాత్రం, ఎవరికి చెప్పాల్సిన చెడ్డ కబురు నా దగ్గర ఇంకా దాగి ఉందో అని గుండె దడ పుడుతుంది. ఆ పిల్ల తొన చప్పరిస్తూ వెనక్కి తిరిగి చూసేసరికి, ముక్కూ మొహం తెలియని ఆ పిల్లతో "అమ్మా, మా ప్రాజెక్టు ఆలస్యమవుతోంది" అనేయబోయి నాలిక కరుచుకున్నాను. నా నాలికకి ఈ జబ్బు అంటించినావిడ సుగుణ మేడం. మీరు ఆవిణ్ణి చూసి ఉండరు. చూసి ఉంటే మీకూ అంటుకునేది.

సుగుణ మేడం ఆఫీసులో నాకు పై అధికారి. ఆరడుగుల విగ్రహం అని రాయాలని నా చేయి దురద పెడుతోంది గానీ, నిజానికి కుర్చీలో కూర్చుంటే ఆవిడ కాళ్ళు నేలకి ఆనేవి కావు. గొంతు మాత్రం మా అంతస్తులో బయలుదేరి కింద అంతస్తులో ఉన్న వేరే కంపెనీ వాళ్ళ మీటింగులో కూడా నిర్ణయాలు మార్చేసేది. హఫీజ్‌పేట్‌లో రైలు పట్టాల పక్కన ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. బండి వెళుతున్నా మాట ఆపకపోవడం ఆ ఇంటి అలవాటట. ఆవిడ గదిలో కంప్యూటరు కంటే విలువైన వస్తువు ఒక స్టీలు ఫ్లాస్కు. అందులో ఇంట్లో స్వయంగా కాచి తెచ్చిన అల్లం చాయ్ ఉండేది. మూత తిప్పితే ఆ ఘాటుకి లిఫ్టు దగ్గర నిలబడ్డ వాళ్ళకి జలుబు వదిలేది. మీట నొక్కితే రంగునీళ్ళు పోసే ఆఫీసు యంత్రం చాయ్ తాగి తాగి నాలికలు చచ్చిన మాకు ఆ ఫ్లాస్కు పాలసముద్రంతో సమానం.

అయితే దానికో షరతు ఉండేది. సోమవారం పొద్దున్నే ప్రాజెక్టు మేనేజర్లు ఒక్కొక్కరే ఆవిడ గదిలోకి వెళ్ళి పని ఎలా సాగుతోందో చెప్పాలి. నోరు తెరవగానే ముందు చెడ్డ కబురు రావాలి. వస్తే కప్పు నిండుతుంది, రాకపోతే లేదు. నేను కొత్తగా చేరినప్పుడు ఈ సంగతి తెలియక, తణుకు నుంచి మోసుకొచ్చిన మర్యాదంతా ఒలకబోస్తూ, అంతా బాగానే ఉందండి, మీ చలవ అన్నాను. ఫ్లాస్కు మూత తిప్పబోతున్న చేయి ఆగింది. మూత మళ్ళీ బిగుసుకుంది.

"మంచిగున్నోళ్లకు చాయ్ ఎందుకు మూర్తీ? పో, మంచిగనే పని చేస్కో."

ఆ తరవాత ఎన్ని సోమవారాలు నాకు చాయ్ లేకుండా గడిచాయో లెక్కలేదు. నా వెనక లోపలికి వెళ్ళినవాళ్ళు పెదాలు తుడుచుకుంటూ, పాపాలు కడిగేసుకున్న పుష్కర యాత్రికుల్లా బయటికి వచ్చేవాళ్ళు. నేను మాత్రం గుటకలు మింగుతూ నా సీటుకి పోయేవాణ్ణి. నా దగ్గర చెడ్డ కబుర్లు లేక కాదు. ఒక గోదాము నిండా ఉన్నాయి. నోరే వచ్చేది కాదు.

ఇందులో నా తప్పేమీ లేదు, నేను పెరిగిన తీరు అలాంటిది. మా వైపు చెడ్డ కబురు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. మనిషి ప్రాణం పోయి, పాడెకి వెదుళ్ళు కొట్టుకొచ్చాక కూడా, పై ఊళ్ళో ఉన్న బంధువుకి ఫోను చేసి "పెద్దాయనకి కాస్త నలతగా ఉంది, ఒకసారి వచ్చి చూసి వెళ్ళు" అంటారు. చెప్పేవాడికీ తెలుసు, చాలాసార్లు వినేవాడికీ తెలుసు. దారిలో గుండె పగలకూడదని ఆ దయ. ఆ దయని నేను అలాగే తెచ్చి ప్రాజెక్టు మేనేజరు ఉద్యోగంలో పెట్టాను. ప్రాజెక్టు నోట్లో తులసితీర్థం పోసే దశలో కూడా "స్వల్పమైన ఇబ్బందులు గమనించాం" అని మెయిలు రాసేవాణ్ణి. చిక్కల్లా, సముద్రాల అవతల ఉన్న మా క్లయింటు తణుకులో పెరగలేదు. స్వల్పం అంటే స్వల్పమనే నమ్మి హాయిగా నిద్రపోయేవాడు. నా వంతు నిద్ర కూడా అతనే పోతున్నట్టు నేను మేలుకుని ఉండేవాణ్ణి.

ఈ బెంగల మీద పెద్ద బెంగ వచ్చి కూర్చుంది. మూడు నెలల క్వార్టరు ముగిసేలోగా ప్రాజెక్టు మేనేజర్లందరూ తమ పనిలో అమెరికావాళ్ళు పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష పాసవ్వాలనీ, కానివారికి ఇకమీదట ప్రాజెక్టులు అప్పగించబడవనీ పైనుంచి మెయిలు వచ్చింది. "అప్పగించబడవు" అన్న ఆ ఒక్క మాటకి నాకు మూడు పూటలు అన్నం సయించలేదు. ప్రాజెక్టు లేని మేనేజరు గతి ఏమిటో మా రాయదుర్గంలో కాపలావాళ్ళకి కూడా తెలుసు. అతన్ని పనేమీ ఇవ్వకుండా బెంచి మీద కూర్చోబెడతారు. ఆ బెంచి రోజుకి కాస్త చొప్పున తలుపు వైపు జరుగుతూ ఉంటుంది. నాకప్పటికే జుట్టు కన్నా నుదురు ఎక్కువ. పరీక్ష అనే మాట మా ఇంట్లో పిల్లలకి సంబంధించినది అనుకుని బతుకుతున్నవాణ్ణి. పుస్తకం ఇంటికి తెచ్చిన రోజున మా అపార్ట్‌మెంటు లిఫ్టు బరువెక్కువైందని కూత పెట్టి కదలనంది. నా భార్య జానకి దాన్ని రెండు చేతులా ఎత్తి చూసి, ఇది చదవడానికా, ఆవకాయ జాడీ మూత ఎగరకుండా పెట్టడానికా అని అడిగింది. నాలుగు రోజులకి రెండోదే నిజమైంది.

చదవడం కష్టం కాదు, జవాబు పెట్టడమే కష్టం. ఆ పరీక్షలో సూత్రాలు అప్పజెప్పమనరు. ఒక చిక్కు చెప్పి, ఇప్పుడు ప్రాజెక్టు మేనేజరు మొట్టమొదట ఏం చేయాలి అని అడిగి, నాలుగు దారులు చూపిస్తారు. నేను ఇంట్లో రాసుకున్న నమూనా పరీక్షలన్నిట్లోనూ ఎంత ఘోరంగా తప్పానంటే, కళ్ళు మూసుకుని గుర్తులు పెట్టినా అంతకన్నా మేలు జరిగేది. ఒక సోమవారం భయం ముదిరి, ఆ కాగితాలు పట్టుకుని మేడం గదిలోకి వెళ్ళాను. ఆవిడ ఆ పరీక్ష ఏనాడో పాసైన మనిషి. కళ్ళద్దాలు ముక్కు చివరికి దింపి ఒక ప్రశ్న చదివారు. పని అనుకున్న తేదీకి పూర్తి కాదని మేనేజరుకి తెలిసింది, మొదట ఏం చేయాలి? ఎంత ఆలస్యమో తేల్చుకుని, సంబంధించిన వాళ్ళకి చెప్పాలన్నది ఒక జవాబు. ఎవరికీ చెప్పకుండా టీమును శనాదివారాలు కూర్చోబెట్టాలన్నది ఇంకోటి. నేను రెండోదాని చుట్టూ సున్నా చుట్టాను, అదీ ముదురుగా.

"ఇది తప్పని తెల్వదా నీకు?"

"తెలుసండి."

"మరి ఎందుకు పెట్టినవ్?"

"చేతికి అలవాటైపోయిందండి."

ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కాగితం నా వైపు తోశారు. "గా ప్రశ్న రాసినోడు నిన్ను తిట్టడు, నీ అప్రైజల్ ఆపడు, నీ మొకం గూడ చూడడు. గాడికి గూడ భయపడితే ఎట్ల మూర్తీ?" ఆ రోజూ చాయ్ రాలేదు, ఎందుకంటే లోపలికి వెళ్తూనే పరీక్షకి చదవడం బాగానే సాగుతోందండి అని మొదలుపెట్టాను.

అదే నెలలో మా అసలు ప్రాజెక్టు పడకేసింది. విదేశంలో ఒక మందుల దుకాణాల సంస్థకి మేం సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. ఏ దుకాణంలో ఏ మందు ఎంత ఉందో చూపించాలి. పరీక్షించి చూస్తే, లేని మందు ఉన్నట్టూ ఉన్న మందు లేనట్టూ చూపిస్తోంది. అనుకున్న తేదీకి దాన్ని బాగుచేయడం బ్రహ్మతరం కాదు. ఈ మాట చెబితే క్లయింటు కోపగించి ఈ మేనేజరు మాకొద్దు అనవచ్చు. అంటే పరీక్ష దాకా ఆగకుండా ముందే బెంచి. నేను పొద్దున్నుంచీ కూర్చుని, ఒక్కో మాటకీ గంధం రాసి, అత్తరు చల్లి, ఒక మెయిలు తయారుచేశాను. "మొత్తం మీద పురోగతి సంతృప్తికరం. కొన్ని చోట్ల కొద్దిపాటి అస్వస్థత కనిపించింది. వీలు చూసుకుని ఒకసారి మాట్లాడుకుంటే బాగుంటుంది" అని దాని సారాంశం. పంపేముందు మేడంకి చూపించాను. ఆవిడ తెర మీద చివరిదాకా చదివి, కుర్చీ నా వైపు తిప్పారు.

"ఎవలు సచ్చిన్రు మూర్తీ?"

ఎవరూ పోలేదండి అన్నాను. "మా ఇండ్లల్ల గూడ గిట్లనే చెప్తరు," అన్నారు ఆవిడ, మామూలుగా ఉండే గొంతులో సగం గొంతుతో. అప్పుడు చెప్పారు. చాలా ఏళ్ళ కిందట పుణెలో కొత్త ఉద్యోగంలో ఉండగా చిన్నాయన ఫోను చేశాడట, నాయినకు జర తబియత్ బాగలేదు, వచ్చిపో అని. ఈవిడ ఆ మాటని మాటగానే నమ్మారు. సాయంత్రం దాకా పని ముగించుకుని, తీరిగ్గా రైలెక్కి, తెల్లారి దిగిన స్టేషన్ బయట ఏరి ఏరి కమలాపళ్ళు కొన్నారు. వాళ్ళ వైపు వాటిని సంత్రాలంటారు.

"సంత్రాల సంచి చేతిల పట్టుకొని గల్లీ తిరిగిన. ఇంటి ముంగట జనం. అందరు నా మొకం చూస్తలేరు, సంచి చూస్తున్నరు. నాయినను అప్పటికే తీస్కపోయిన్రు." ఫ్లాస్కు మూత మీద వేలితో గీశారు. "ముందే చెప్పుంటే విమానమెక్కుదును. ఆఖరికి మొకమన్న చూద్దును. గా సంచి ఎక్కడ పెట్టాల్నో తెల్వక పొద్దుగూకేదాక చేతిలనే పట్టుకున్న. ఇగో మూర్తీ, గా క్లయింటు గూడ సంత్రాలు కొంటున్నడు. కొననియ్యకు."

నిజంగానే కొంటున్నాడు. ఫలానా తేదీకి కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోందని దుకాణాలన్నిటికీ చెప్పుకుంటున్నాడు, పాతదాన్ని ఆపేసే ఏర్పాట్లు చేసుకుంటున్నాడు. నాకిన్నాళ్ళూ నా భయమే కనిపించింది గానీ, అతని చేతిలో సంచి కనిపించలేదు. ఆ సాయంత్రం కాల్‌లో నా గొంతు మేకపిల్ల గొంతులా పలికింది. నమస్కారాలూ వాతావరణమూ దాటేసి, ముందు చెడ్డ కబురు చెబుతాను, ఆ తేదీకి ఇది రాదు, ఇదీ కారణం, ఇన్ని వారాలు పడుతుంది అన్నాను. అవతల ఎంత నిశ్శబ్దం అలుముకుందంటే, మహాసముద్రం అడుగున ఫోను తీగ పక్కన చేపలు తోకలాడించే చప్పుడు నాకు వినబడింది. తరవాత క్లయింటు కటువుగానే మాట్లాడాడు. చాలా ప్రశ్నలు వేశాడు. పై వాళ్ళు మేడంని పిలిచి ఎడాపెడా వాయించారు. కానీ నన్ను మార్చమని మాత్రం ఎవరూ అనలేదు. కాల్ ముగిశాక మేడం ఫ్లాస్కు తెరిచి నా కప్పు నింపారు. ఆ చాయ్ చల్లారిపోయింది, చక్కెర ఎక్కువైంది. అమృతం అలాగే ఉంటుందనుకుంటాను.

ఇక్కడితో నేను ధైర్యవంతుణ్ణి అయిపోయి పరీక్షలో పతాకం ఎగరేశానని చెబితే బాగుండేది. మాదాపూర్‌లోని ఆ పరీక్ష కేంద్రంలో నా జేబులు తిరగేశారు, చొక్కా చేతులు పైకి మడిపించారు, కళ్ళద్దాలు తీయించి వజ్రాల వర్తకుడిలా వెలుగుకి పెట్టి చూశారు. కళ్ళద్దాలు తిరిగిచ్చారు గానీ, నాలో ఉన్న జ్ఞానం ఆ బల్ల మీదే ఉండిపోయింది. నాలుగు గంటలయ్యాక తెర మీద ఫలితం అక్కడికక్కడే వచ్చింది. ఫెయిల్. ఆఫీసుకి తిరిగొస్తూ దారి పొడుగునా నా పాత బుద్ధి నాకు అద్భుతమైన వాక్యాలు అందించింది. ఫలితం ఇంకా రావాలండి. సాంకేతిక కారణాల వల్ల ఆగిందండి. మొత్తం మీద పురోగతి సంతృప్తికరమండి. మేడం గది తలుపు తోసేసరికి ఆవిడ తలెత్తారు.

"మేడం, ఫెయిలయ్యాను."

ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పి, కప్పు అంచు దాకా పోశారు. నేను తాగుతుంటే అప్పటికప్పుడు పై వాళ్ళకి ఫోను చేసి, మా మూర్తి తప్పిండు, ఇంకో క్వార్టరు గడువు కావాలె, అన్నారు. ముందుమాట లేదు, గంధం లేదు, అత్తరు లేదు. అవతలివాళ్ళు ఏమన్నారో గానీ, గడువు వచ్చింది. అదే చివరిదన్నారు.

కొన్నాళ్ళకి ఒక సోమవారం నేను నా చెడ్డ కబురు చెప్పబోతుంటే ఆవిడ చేయి అడ్డం పెట్టారు. "ఇయ్యాల ముందు నాది. గుండెల స్టెంట్ ఏసిన్రు గదా, డాక్టర్ ఇగ బంద్ చెయ్యమన్నడు. వచ్చే నెల నుంచి నేను రాను. చెప్పిన. ఇగ చాయ్ తాగు." స్టెంటు వేసిన సంగతే నాకు తెలియదు. నాకు తెలుసనుకుని చెప్పేశారు. ఆ రోజు మొదటిసారి ఆవిడ కప్పు నేను నింపాను. సగం ఆవిడ బల్ల మీదే ఒలికింది.

ఆవిడ లేని ఆఫీసులో భయానికి లంగరు తెగింది. ఉన్న భయాలకి తోడు ఆవిడ గుండె భయం కూడా నాదే అయింది. ఈసారి నమూనా పరీక్షల్లో ప్రతి ప్రశ్న దగ్గరా, ఇందులో సంత్రాలు కొంటున్నది ఎవరు అని వెతికాను. వాడు దొరికితే జవాబు దొరికేది. అలా చదివి రెండోసారి అదే కేంద్రానికి వెళ్ళాను, అదే వజ్రాల వర్తకుడికి కళ్ళద్దాలు అప్పగించాను. నాలుగు గంటల తరవాత తెర మీద పాస్ అని వచ్చింది. ఆ మాటని ఎటువైపు నుంచి చదివినా పాసే అని తేల్చుకున్నాక బయటికొచ్చి, లాకరులోంచి ఫోను తీసి వెలిగించాను. మేడం కూతురు స్వాతి నుంచి కాల్స్ ఉన్నాయి. వెంటనే తిరిగి చేశాను.

"అంకుల్, అమ్మకు జర తబియత్ బాగలేదు. వీలైతే ఒకసారి వచ్చిపోతరా? యాది చేస్తున్నది."

ఏమన్నానో గుర్తులేదు. ఆటో ఎక్కిన సంగతి కూడా గుర్తులేదు. కొత్తగూడ, కొండాపూర్ దాటుతుంటే వీధులు వీధుల్లా లేవు, అన్నీ కలిసి నా కళ్ళల్లో నీళ్ళు. పాసైన కాగితం చేతిలో తడిసిపోతోంది. హఫీజ్‌పేట్ మలుపులో ఒక బండి నిండా కమలాపళ్ళు పోసి ఉన్నాయి. ఆటోవాలా వేగం తగ్గించి, భయ్యా, పండ్లు గిట్ల తీస్కుంటరా అన్నాడు, నా మొహం చూసి దవాఖానకి పోతున్నాననుకున్నాడో ఏమో. వద్దు బాబూ, పోనీ అన్నాను. ఆ ఒక్క పొరపాటు మాత్రం చేయదలచుకోలేదు. గల్లీ తిరిగేసరికి ఇంటి గుమ్మం ముందు చెప్పుల గుట్ట. ఇక నాకు అనుమానమే లేకపోయింది. ఆ చెప్పుల మధ్యనే మెట్టు మీద కూలబడి, నా వయసుని కాస్తయినా లెక్కచేయకుండా ఏడ్చాను. పట్టాల మీద రైలు వెళుతోంది. ఆ మోతని చీల్చుకుంటూ వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"ఏంది మూర్తీ, మల్ల ఫెయిలైనవా?"

తల తిప్పాను. గడపలో శాలువా కప్పుకుని, ముక్కు ఎర్రబడి, సుగుణ మేడం. ఆవిడ వెనక హాల్లో స్వాతి దగ్గర ట్యూషన్ చదువుకునే పిల్లలు వరసగా మెడలు చాచి నన్ను చూస్తున్నారు. చెప్పులు వాళ్ళవి. లేదండి, పాసయ్యాను అన్నాను. మరి ఏడుపెందుకన్నారు. అబద్ధాలు వరసకట్టి నాలిక మీదికొచ్చాయి. కంట్లో నలక పడిందనొచ్చు, ఆనందబాష్పాలనొచ్చు. కానీ ఎదురుగా ఉన్నది ఆవిడ.

"మీరు పోయారనుకున్నానండి."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, నవ్వు దగ్గయి, దగ్గు ఆగక తలుపు పట్టుకున్నారు. "జర జ్వరమచ్చింది. జర బాగలేదంటే ఇప్పుడు మా ఇంట్ల జర బాగలేదనే. గంతకంటే ఎక్కువుంటే ఎక్కువనే చెప్తం," అన్నారు. ఆ మీదట నా రెండు చేతులకేసీ పరీక్షగా చూశారు. "మరి సంత్రాలేవి? జ్వరమచ్చినోళ్ల ఇంటికి ఉత్త చేతులతోటి వస్తరా ఎవలన్న?"

మలుపు దాకా వెనక్కి పరిగెత్తాను. బండివాడు జన్మలో అంత తొందరపాటు బేరం చూసి ఉండడు. తిరిగొచ్చాక ఆవిడ మంచం మీద కూర్చుని సంచిని ఒళ్ళో పెట్టుకున్నారు. చాలాసేపు పక్కన పెట్టలేదు. తరవాత ఒక పండు ఒలిచి, సగం నాకిచ్చారు.

ఆవిడ ఇప్పటికీ హఫీజ్‌పేట్‌లోనే ఉన్నారు. ఇది చదివితే గింత జ్వరానికి గంత కథ ఎందుకయ్యా అంటారు. నా సర్టిఫికెట్‌ని జానకి ఫ్రేము కట్టించి, ఆవకాయ జాడీ కనిపించే గోడకే తగిలించింది. చాయ్ కాయడం నాకు చేతకాదు కాబట్టి మా టీము సోమవారం మీటింగులో బల్ల మీద సంత్రాలు పెడతాను. ముందుగా చెడ్డ కబురు చెప్పినవాళ్ళకి ఒకటి. కొత్తగా చేరినవాళ్ళు, అంతా బాగానే ఉంది సార్ అని చెప్పి పండ్ల వంక ఆశగా చూస్తూ వెళ్ళిపోతారు. వాళ్ళ గుటక నాకు వినబడుతుంది. భయం పోయిందా అని అడక్కండి. పోలేదు. ఈ పొద్దున ఎస్కలేటర్ మీద ఆ వాసన తగిలినప్పుడు, ఈ నెల ఇవ్వాల్సిన పని ఈ నెలలో అవదన్న సంగతి పై వాళ్ళకి చెప్పకుండా నా దగ్గర నాలుగు రోజులుగా ఉంది. అవతల మళ్ళీ ఎవరో సంచి నింపుకుంటున్నారు.

లిఫ్టు దిగి, నా సీటుకి పోకుండా నేరుగా పై అధికారి గదికి నడిచాను. మా కొత్త అధికారి మంచివాడే. నేను లోపలికి వెళ్ళగానే నవ్వుతూ కూర్చోమన్నారు, ఎలా ఉందండీ మూర్తిగారూ, అంతా ఓకే కదా అన్నారు. మా మీటింగు కోసం తెచ్చిన సంత్రాల్లోంచి ఒకటి తీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"సార్," అన్నాను, "ముందు చెడ్డ కబురు చెబుతాను."